ఫోను బ్యాకప్‌లను సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు మార్చిన వైనం: మూడు వారాల ప్రాజెక్టు డైరీ

2025 ఏప్రిల్ 6, ఆదివారం, నల్లగొండ

ఈ ఉదయం నా ఐఫోన్ 13ను కంప్యూటర్‌కు కలిపి బ్యాకప్ మొదలుపెట్టగా, కొద్దిసేపటికే డిస్కులో చోటు చాలదన్న సందేశం వచ్చి పని ఆగిపోయింది. సి డ్రైవ్ 256 జీబీల ఎస్ఎస్‌డీ. విండోస్ లెక్కలో అది 238 జీబీలుగా కనిపిస్తుంది. అందులో ఈ రోజుకు ఖాళీగా మిగిలింది 9 జీబీలు మాత్రమే.

చోటు నిండడానికి కారణం నాకు తెలియనిది కాదు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో, సూర్యుడు ఏ దిక్కున ఉన్నా గర్భగుడిలో లింగం వెనుక గోడపై స్తంభాకారపు నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. కందూరు చోడుల కాలం నాటి ఆ గుడిలో పిల్లలకు కాంతి పాఠం చెప్పాలన్న కోరికతో, గత రెండు నెలలుగా ఉదయం నుంచి సాయంత్రం వరకు వేర్వేరు వేళల్లో ఆ నీడను ఫోనుతో చిత్రిస్తూ వచ్చాను. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 4కె వీడియో తీస్తే నిమిషానికి దాదాపు 170 ఎంబీలు పడుతుంది, అంటే గంటకు 10 జీబీలకు పైనే. అలాంటివి ఐదు గంటల నిడివి ఉన్నాయి. యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లో ఉచితంగా లభించేది 5 జీబీలు కాబట్టి, ఈ వీడియోలకు కంప్యూటరే గతి.

కంప్యూటర్‌లో 1 టీబీ హార్డ్‌డిస్కు మరొకటి డి డ్రైవ్‌గా ఉంది, అది దాదాపు ఖాళీ. అయితే కంప్యూటర్‌లో ఐఫోన్ బ్యాకప్ తీసే యాపిల్ ప్రోగ్రాము ఐట్యూన్స్‌లో బ్యాకప్‌ల చోటును మార్చుకునే సెట్టింగు ఏదీ లేదు. ప్రోగ్రాము ఎప్పుడూ సి డ్రైవ్‌లోని ఒక నిర్దిష్ట ఫోల్డర్‌లోనే రాస్తుంది. ఆ ఫోల్డర్‌ను డి డ్రైవ్‌కు చేర్చి, ప్రోగ్రాముకు మాత్రం అది పాత చోటే ఉన్నట్లు కనిపించేలా చేయడమే ఈ ప్రాజెక్టు.

ఏప్రిల్ 7, సోమవారం

రాత్రి భోజనాల తరువాత ఫోల్డర్ వెతుకులాటతో పని మొదలైంది. యాపిల్ వెబ్‌సైటు నుంచి దించుకొన్న ఐట్యూన్స్ అయితే, యూజర్స్ ఫోల్డర్‌లో మన పేరుతో ఉన్న దాని లోపల యాప్‌డేటా, రోమింగ్, యాపిల్ కంప్యూటర్, మొబైల్‌సింక్, బ్యాకప్ అన్న వరుసలో లోపలికి వెళ్లాలి. యాప్‌డేటా దాగి ఉండే ఫోల్డర్ కనుక, దాచిన ఫైళ్లను చూపించమని విండోస్‌కు చెప్పనిదే అది కంటబడదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వేసుకొన్న ఐట్యూన్స్, కొత్తగా వచ్చిన యాపిల్ డివైసెస్ యాప్ మాత్రం మన పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే యాపిల్, మొబైల్‌సింక్, బ్యాకప్ అన్న దారిని వాడుతాయి.

ఈ తేడా తెలియడం వల్ల నాకు ఎంతో మేలు జరిగింది, ఎందుకంటే నా కంప్యూటర్‌లో రెండు చోట్లా బ్యాకప్‌లు ఉన్నాయి. నేను మొదట వెబ్‌సైటు నుంచి ఐట్యూన్స్ వేసుకొని, గత సంవత్సరం దాన్ని తీసేసి స్టోర్ నుంచి వేసుకొన్నాను. పాత ప్రోగ్రాము పోయినా దాని ఫోల్డర్ అలాగే ఉండిపోయింది, కొత్త ప్రోగ్రాముకు మాత్రం అది కనబడదు. అందులో 61 జీబీల బ్యాకప్ ఒకటి ఉంది. లోపలి ఇన్ఫో ఫైలును తెరిచి చూడగా అది మా అక్క పాత ఐఫోన్ 7ది.

అది చూసిన వెంటనే మిర్యాలగూడలోని అక్కకు ఫోన్ చేశాను. వాళ్ల అత్తమ్మ పాడిన బతుకమ్మ పాటలను అక్క ఆ ఫోనులో వాయిస్ మెమోలుగా రికార్డు చేసింది. తరువాత ఆండ్రాయిడ్ ఫోను కొనుక్కొని, పాతదాన్ని పూర్తిగా తుడిచి పిల్లల ఆటలకు ఇచ్చేసింది. ఆ పెద్దమ్మ ఇప్పుడు లేరు. పాటలు పోయాయనే ఇన్నాళ్లూ అనుకున్నాం.

“తమ్మీ, నిజంగ ఉన్నయా? ఏం ముట్టకు, మెల్లగ చెయ్యి” అంది అక్క.

నిజానికి ఈ 61 జీబీల ఫోల్డర్‌ను అనవసరమైనదిగా భావించి చెరిపేసి ఉంటే, నిన్న ఉదయం నాకు కావలసిన చోటు అంతా క్షణంలో దొరికి ఉండేది. చెరిపే ముందు లోపలేముందో చూడడం ఇక నుంచి నా మొదటి నియమం.

ఏప్రిల్ 8, మంగళవారం

ఒక బ్యాకప్ లోపల ఏముంటుందో ఈ రోజు తీరికగా చూశాను. ఒక్కో ఫోనుకు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, దాని పేరు ఆ పరికరపు గుర్తింపు సంఖ్య. అక్క ఫోను ఫోల్డర్ పేరులో 40 అక్షరాలుంటే నాదానిలో 25 ఉన్నాయి. మొదట ఏదో తెగిపోయిందని కంగారుపడ్డాను కానీ, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్ నుంచి ఆ సంఖ్య రూపమే మారింది: నడుమ ఒక అడ్డగీతతో కలిపి 25 అక్షరాలు. ఈ పేరును మార్చితే ప్రోగ్రాము ఆ బ్యాకప్‌ను గుర్తుపట్టదు, కాబట్టి దాని జోలికి పోరాదు.

ఆ ఫోల్డర్ లోపల రెండేసి అక్షరాల పేర్లతో 256 చిన్న ఫోల్డర్లు, వాటిలో అర్థం కాని 40 అక్షరాల పేర్లతో వేలాది ఫైళ్లు ఉంటాయి. ఫోనులో ఆ ఫైలు ఉన్న దారిని షా-1 అనే గణితపద్ధతిలో కుదించగా వచ్చేదే ఆ పేరు. దానిలోని మొదటి రెండు అక్షరాలే దాన్ని దాచిన చిన్న ఫోల్డర్ పేరు. ఏ పేరు ఏ ఫైలుదో తెలిపే పట్టిక మానిఫెస్ట్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. ఇక్కడ ముఖ్యంగా గ్రహించవలసింది ఒకటుంది: ఆ పేరు ఫైలు ఉన్న దారి నుంచి పుట్టిందే తప్ప లోపలి విషయం నుంచి పుట్టింది కాదు. అందువల్ల లోపలి విషయం చెడిపోయినా పేరు చెక్కుచెదరదు. పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయని చూసి కాపీ బాగుందని నిర్ణయించడానికి వీల్లేదు.

రెండు బ్యాకప్‌లు కలిపి 149 జీబీలు, సుమారు 1,23,000 ఫైళ్లు. యాపిల్ సహాయ పత్రాలు ఈ ఫైళ్లను సవరించవద్దనీ, పేర్లు మార్చవద్దనీ, చోటు మార్చవద్దనీ హెచ్చరిస్తాయి. కాపీ తీసుకోవడానికి అడ్డులేదు. కాబట్టి నేను కట్ చేసి పేస్ట్ చేయను. ముందు కాపీ చేస్తాను, సరిచూస్తాను, దారి మారుస్తాను, అసలును అన్నిటికంటే చివరన తీసేస్తాను.

డిస్కు ఫార్మాట్, అంటే డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఏది ఉండాలన్న విషయమూ ఈ రాత్రే తేల్చుకొన్నాను. మొదట ఇంట్లో ఉన్న 1 టీబీ పోర్టబుల్ డిస్కులోకి అక్క బ్యాకప్‌ను కాపీ చేసి చూశాను. అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది. 61 జీబీల ఫోల్డర్ అక్కడ 65 జీబీలు ఆక్రమించింది. ఎక్స్‌ఫ్యాట్‌లో పెద్ద డిస్కులకు ఒక్కో గడి పరిమాణం మామూలుగా 128 కేబీలు. రెండు కేబీల ఫైలు కూడా ఒక గడిని పూర్తిగా తీసుకుంటుంది. వడ్లు కొలిచే కుంచంతో ఆవాలు కొలిచినట్లుంటుంది. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఆ గడి 4 కేబీలే. ఫ్యాట్32 అయితే అసలు పనికిరాదు, ఎందుకంటే అందులో 4 జీబీలను మించిన ఫైలు పట్టదు. నా నీడ వీడియోలలో 25 నిమిషాలు దాటిన ప్రతిదీ ఆ హద్దును మీరుతుంది. డి డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ కాబట్టి దానినే ఖాయం చేశాను.

ఏప్రిల్ 10, గురువారం

సాయంత్రం ఆరు గంటలకు కాపీ మొదలుపెట్టాను. ఫోల్డర్‌ను మౌసుతో లాగి వదలడానికి బదులు విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ అనే ఆదేశాన్ని వాడాను. ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నిటినీ తీసుకోమని ఒక గుర్తు, విఫలమైతే రెండుసార్లు మాత్రమే ప్రయత్నించమని మరొకటి, జరిగినదంతా ఒక లాగ్ ఫైలులో రాయమని ఇంకొకటి ఇచ్చాను. ప్రయత్నాల సంఖ్య చెప్పకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గర అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది. అద్దంలా ప్రతిబింబించే మిర్రర్ గుర్తును కావాలనే వాడలేదు. గమ్యంలో ఉండి మూలంలో లేని ఫైళ్లను అది చెరిపివేస్తుంది. నేను రెండు వేర్వేరు ఫోల్డర్ల నుంచి ఒకే చోటికి తెస్తున్నాను కనుక, రెండోసారి ఆదేశం ఇచ్చినప్పుడు మొదట తెచ్చిన బ్యాకప్ పూర్తిగా ఊడ్చుకుపోయి ఉండేది.

వీడియోలు కాపీ అవుతున్నప్పుడు సెకనుకు 100 ఎంబీల పైన నడిచిన వేగం, చిన్న ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి 5 ఎంబీల కంటే తగ్గిపోయింది. తిరిగే పళ్లెం గల హార్డ్‌డిస్కు ప్రతి చిన్న ఫైలుకూ తన సూదిని కొత్త చోటికి జరుపుకోవాలి కనుక అది సహజమే.

ఏడున్నర ప్రాంతంలో ఈదురుగాలితో వాన వచ్చి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, దానిని మార్చించకుండా ఈ పనికి దిగడం పూర్తిగా నా తప్పు. కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోయింది. తొమ్మిది దాటాక కరెంటు వచ్చింది. అదే ఆదేశాన్ని మళ్లీ ఇవ్వగా, పరిమాణమూ తేదీ సరిపోయిన ఫైళ్లను దాటవేసి మిగిలిన వాటిని మాత్రమే తీసుకొని, రాత్రి పదకొండుకు ముగించింది. లాగ్‌లో విఫలమైన ఫైళ్ల సంఖ్య సున్నా. రెండు వైపులా ఫైళ్ల లెక్కా, మొత్తం బైట్ల లెక్కా అక్షరాలా సమానం.

ఏప్రిల్ 12, శనివారం

లెక్కలు సమానమని సంతృప్తిపడి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ముగిసేది, ఒక నష్టం మాత్రం నాకు తెలియకుండా మిగిలిపోయేది.

విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో ప్రతి ఫైలుకూ లోపలి విషయం ఆధారంగా ఒక ముద్ర లెక్కించే ఆదేశం ఉంది. అది మామూలుగా షా-256 పద్ధతిలో 64 అక్షరాల ముద్రను ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. అసలు ఫైళ్లకూ కాపీలకూ విడివిడిగా ముద్రల పట్టికలు తయారు చేయించి పోల్చాను. రెండు పట్టికలకు కలిపి దాదాపు మూడు గంటలు పట్టింది.

1,23,000లో నాలుగు సరిపోలలేదు. నాలుగూ అక్క బ్యాకప్‌లోనివే. వాటి పేరు, పరిమాణం, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లోపలి బైట్లను చూపించే ప్రోగ్రాముతో తెరిస్తే, రెండు ఫైళ్లు మొదటి నుంచి చివరి వరకు సున్నాలే. మిగిలిన రెండింటిలో చివరి భాగం సున్నాలు. జరిగింది అప్పుడు అర్థమైంది. విండోస్ ఫైళ్లను వెంటనే డిస్కుపై రాయకుండా కొంతసేపు మెమరీలో నిలిపి ఉంచుతుంది. కరెంటు పోయే క్షణానికి ఆ ఫైళ్ల పేరు, పరిమాణం, తేదీ డిస్కు పట్టికలోకి ఎక్కాయి గానీ, వాటి అసలు విషయం ఇంకా దిగలేదు. తిరిగి నడిపినప్పుడు రోబోకాపీ పట్టికను చూసి అవి పూర్తయ్యాయనుకొని ముందుకు పోయింది. దాని తప్పు కాదు. దానిని అడిగింది పరిమాణమూ తేదీ మాత్రమే.

ఆ నాలుగు ఫైళ్లు ఏమిటో తెలుసుకోవాలని ప్రయత్నించాను. కానీ అక్క బ్యాకప్ పాస్‌వర్డుతో గుప్తీకరించినది, అలాంటి బ్యాకప్‌లో ఆ పేర్ల పట్టిక కూడా గుప్తంగానే ఉంటుంది. అవి పనికిరాని ఏ యాప్ ఫైళ్లో కావచ్చు, ఆ పెద్దమ్మ పాడిన పాటే కావచ్చు. తెలియనప్పుడు ప్రతి ఫైలునూ పాటగానే చూడాలి. నాలుగింటినీ డి డ్రైవ్‌లో చెరిపి మళ్లీ కాపీ చేశాను. ఈసారి ముద్రలన్నీ కలిశాయి.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేద్కర్ జయంతి సెలవు. నిన్న గడియారం సెంటరు దగ్గర కొన్న కొత్త బ్యాటరీని ఉదయం యూపీఎస్‌లో వేయించి, దారి మార్చే పనికి కూర్చున్నాను.

పద్ధతి ఇది. ఐట్యూన్స్‌ను పూర్తిగా మూసి, సి డ్రైవ్‌లోని బ్యాకప్ ఫోల్డర్‌కు పాత అన్న మాట చేర్చి పేరు మార్చాలి. తరువాత అదే చోట, అదే పాత పేరుతో జంక్షన్ అనే లంకెను సృష్టించాలి. అది చూడడానికి ఫోల్డర్‌లాగే ఉంటుంది, అందులో రాసినదంతా డి డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్‌కు చేరుతుంది. విండోస్‌లో దీనికి ఎంకేలింక్ అనే ఆదేశం ఉంది. సింబాలిక్ లింక్ అనే మరో రకం లంకె చేయాలంటే మామూలుగా అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. జే గుర్తుతో చేసే జంక్షన్‌కు అది అవసరం లేదు. జంక్షన్ నెట్‌వర్కులోని డిస్కులకు పనిచేయదు గానీ, కంప్యూటర్ లోపలి డిస్కుకు దానికి మించినది లేదు.

మూడు చోట్ల ఆగవలసి వచ్చింది. పవర్‌షెల్‌లో ఆదేశం ఇస్తే అలాంటి ఆదేశమే లేదంది. ఎంకేలింక్ కమాండ్ ప్రాంప్ట్ అనే మరో ఆదేశాల కిటికీకి చెందినది, అక్కడే ఇవ్వాలి. అక్కడ ఇస్తే ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉందని చెప్పింది. పేరు మార్చిన తరువాత నేను తొందరపడి ఒకసారి ఐట్యూన్స్ తెరిచాను, అది తనకు తానుగా ఖాళీ బ్యాకప్ ఫోల్డర్‌ను సృష్టించుకొంది. దానిని తీసేశాను. మూడోది అందరూ గుర్తుంచుకోవలసినది: కాపీ ఆదేశాల్లో మొదట మూలం, తరువాత గమ్యం రాస్తాం, ఎంకేలింక్‌లో మాత్రం మొదట కొత్తగా పుట్టబోయే లంకె, తరువాత అసలు ఫోల్డర్ రాయాలి. చేతి అలవాటు కొద్దీ తారుమారు చేశాను, అదృష్టవశాత్తు డి డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ అప్పటికే ఉండడం వల్ల ఆదేశం ఆగిపోయింది.

సరిచేసి ఇచ్చాక లంకె ఏర్పడింది, ఫోల్డర్ బొమ్మపై చిన్న బాణం గుర్తు కనిపించింది. ఐట్యూన్స్ ప్రిఫరెన్సెస్‌లో డివైసెస్ విభాగం తెరవగానే నా బ్యాకప్‌తో పాటు, ఇన్నాళ్లూ ఆ ప్రోగ్రాముకు కనబడని అక్క బ్యాకప్ కూడా తేదీతో సహా జాబితాలో నిలిచింది.

ఫోనును కలిపి బ్యాకప్ తీశాను. మారిన ఫైళ్లను మాత్రమే రాస్తుంది కనుక ఇరవై నిమిషాల్లో ముగిసింది. ఆ సమయమంతా సి డ్రైవ్ ఖాళీ తగ్గకుండా, డి డ్రైవ్ ఖాళీ తగ్గుతూ ఉండడాన్ని పక్క కిటికీలో చూస్తూ కూర్చున్నాను.

పోర్టబుల్ డిస్కుకు లంకె పెట్టేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మరో పెన్‌డ్రైవ్ ముందుగా పెట్టి ఉంటే డిస్కు అక్షరం “ఈ” నుంచి “ఎఫ్”కు మారిపోవచ్చు, అప్పుడు లంకె శూన్యాన్ని చూపుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ డిస్కుకు ఇంగ్లీషు అక్షరమాల చివరి వైపునున్న అక్షరం ఒకటి స్థిరంగా కేటాయించాలి.

ఏప్రిల్ 20, ఆదివారం

బ్యాకప్ జాబితాలో కనిపించడం వేరు, ఫోనులోకి తిరిగి రావడం వేరు. అక్క ఉదయం బస్సులో మిర్యాలగూడ నుంచి పాత ఐఫోన్ 7 పట్టుకొని వచ్చింది. ఐఫోన్‌ను నడిపే వ్యవస్థ ఐఓఎస్. కొత్త ఐఓఎస్‌లో తీసిన బ్యాకప్‌ను పాత ఐఓఎస్ ఉన్న ఫోనులోకి ఎక్కించడం కుదరదు కనుక, నా బ్యాకప్‌ను ఆ ఫోనులో పరీక్షించలేను. అక్కది ఆ ఫోనులో తీసినదే కాబట్టి ఇబ్బంది లేదు. పిల్లలు ఆడుకునే ఫోనులో పోయిన ఫోనును వెతికే ఫైండ్ మై ఆన్‌లో ఉంటే రిస్టోర్, అంటే బ్యాకప్‌ను ఫోనులోకి తిరిగి ఎక్కించడం, సాగదు, ముందు దానిని ఆపాము.

అప్పుడు పాస్‌వర్డు అడిగింది.

“రాసిపెట్టిన తమ్మీ, ఎక్కడ రాసిన్నో గుర్తొస్తలేదు” అంది అక్క, ముఖం చిన్నబుచ్చుకొని.

బ్యాకప్ పాస్‌వర్డు మరిచిపోతే దానిని తెరిచే దారి ఎవరి దగ్గరా లేదు. ఫోను సెట్టింగులను రీసెట్ చేసి కొత్త పాస్‌వర్డుతో కొత్త బ్యాకప్ తీసుకోవచ్చు గానీ, పాతది మూసిన పెట్టెలాగే ఉండిపోతుంది. బావకు ఫోన్ చేసి ఇల్లంతా వెతికించాం. గంటన్నర తరువాత ఆయన బ్యాంకు పాసుపుస్తకం చివరి పేజీని ఫొటో తీసి పంపారు. పాస్‌వర్డు అక్కడ ఉంది, పెన్సిలుతో.

రిస్టోర్‌కు గంటా పది నిమిషాలు పట్టింది. ఫోను తిరిగి వెలిగాక అక్క వాయిస్ మెమోలు తెరిచింది. పదకొండు పాటలు ఉన్నాయి. పదకొండింటినీ ఒకదాని తరువాత ఒకటి చివరి వరకు విన్నాము. తనిఖీ కోసం అయితే మొదటి రెండు నిమిషాలు చాలేవి. అవి ఇక బ్యాకప్‌లో మాత్రమే ఉండకూడదని, మామూలు ఆడియో ఫైళ్లుగా కూడా బయటకు తీసి పెట్టాను.

ఏప్రిల్ 27, ఆదివారం

రెండు వారాల్లో లంకె ద్వారా మూడు బ్యాకప్‌లు ఇబ్బంది లేకుండా పూర్తయ్యాయి. ఈ రోజు సి డ్రైవ్‌లోని పాత ఫోల్డర్లు రెండింటినీ తీసేశాను. ఖాళీ 158 జీబీలకు పెరిగింది.

అయితే చోటు మారినంత మాత్రాన బ్యాకప్‌కు రక్షణ పెరగలేదు. రెండు చోట్ల ఉన్నది మళ్లీ ఒకే చోటికి వచ్చింది, అదీ తిరిగే పళ్లెం గల డిస్కులోకి. పైగా ప్రతి కొత్త బ్యాకప్ అదే ఫోల్డర్‌పై రాస్తుంది కనుక, ఫోనులో పొరపాటున చెరిపినది తరువాతి బ్యాకప్‌లోనూ ఉండదు. అందుకని పోర్టబుల్ డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చి, డి డ్రైవ్‌లోని ఫోల్డర్‌ను దానిలోకి తేదీ వేసి కాపీ చేసి, ముద్రల పట్టికను కూడా పక్కనే పెట్టాను. నెలకొకసారి కొత్త తేదీతో మరో కాపీ చేస్తాను.

మా బాపు సామ్‌సంగ్ ఫోను పని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. సామ్‌సంగ్ బ్యాకప్ తీసే స్మార్ట్ స్విచ్ ప్రోగ్రాము ప్రిఫరెన్సెస్‌లో బ్యాకప్ ఫోల్డర్‌ను మార్చుకునే వీలు ఉంది, డి డ్రైవ్ చూపించాను, అంతే.

పోర్టబుల్ డిస్కు ఈ ఇంట్లో ఉండదు. అక్క వచ్చే ఆదివారం వస్తానంది. వెళ్లేటప్పుడు దానిని మిర్యాలగూడకు తీసుకుపోయి బీరువాలో పెడుతుంది. దాని పెట్టెపై తేదీ రాసి అంటించాను. పాస్‌వర్డును వేరే కాగితంపై ఈసారి పెన్నుతో రాసి, మా ఇంటి కాగితాల పెట్టెలో ఒకటి, అక్క దగ్గర ఒకటి ఉంచుతున్నాను.